‘క’ ఏ రంగు?

“తాతా, ‘క’ ఎర్రగుంటదంటే స్కూల్ల అందరు నవ్విన్రు,” అంది మనుమరాలు నీరజ, చీరల మిల్లుల్లో పనికని మేం వలసొచ్చిన లింబాయత్‌లోని మా గదికి రాగానే.

నాకూ అక్షరాలు రంగుల్లోనే కనిపిస్తాయి. చిన్నప్పుడు బళ్ళో సారు కొట్టాక ఆ మాట ఎవరికీ చెప్పలేదు, చనిపోయిన నా భార్యకు కూడా. ఇన్నాళ్ళకు తోడు దొరికింది.

నల్ల పెన్నుతో పెద్దగా ‘క’ రాశాను. నాకది పసుపు.

“నీకేం రంగుల కనవడ్తుంది బిడ్డా?”

“నల్లగనే ఉన్నది. గిదేంది తాతా, చీర డిజైనా?”

“మన తెలుగు ‘క’ బిడ్డా.”

“తెలుగు రాస్తరా? మాట్లాడుడే గదా!”

నవ్వుతూ తన గుజరాతీ పుస్తకం తెరిచింది. “గిది సూడు, ఎంత ఎర్రగున్నదో!”

నాకు చదవరాని ఆ పేజీ నిండా నల్లటి గీతలే.

“అవ్ బిడ్డా,” అన్నాను. “మస్తు ఎర్రగున్నది.”