పెద్ద క్యాన్

పికప్ ఇంజన్ పక్కన నూనె ఆవిరిని పట్టే క్యాన్ అడుగున బోల్టు విప్పగానే ఎర్రటి నీళ్లు బొళబొళా కారి మెకానిక్ దేచా చెప్పుల మీద పడ్డాయి. అందులో ఉండాల్సింది నూనె. అదేమో పేరుకి నాలుగు చుక్కలు పైన తేలుతోంది. దేచా వేలితో అద్ది వాసన చూశాడు. తియ్యగా ఉంది.

"రేడియేటర్‌లో పోసే ఎర్ర నీళ్లే, వాసన కూడా అదే. ఇంజన్ లోపల పగిలింది తమ్ముడూ. ఇంక ఆశ వదిలేసుకో," అన్నాడు.

ఆ పికప్ విచియన్‌ది. కొండ మీద క్యాబేజీ కోతలు మొదలయ్యాయి. రేపు తెల్లారేసరికి బండి తోటలో లేకపోతే సరుకు ఇంకొకడికి ఎక్కిస్తానని తోట యజమాని మొహం మీదే చెప్పేశాడు. ఒకసారి చేయి మారిన సరుకు మళ్లీ రాదు. ఈ పికప్పే పోతే విచియన్ రేపట్నుంచి ఇంకొకడి పికప్‌కి బుట్టలు మోయాల్సిందే.

"రేడియేటర్‌లో చుక్క తగ్గలేదన్నా. పొద్దున్నే చూశాను."

"సన్న పగులు. ఇంజన్ చల్లారాక నెమ్మదిగా ఊరుతుంది. అందుకే రాత్రి ఖాళీ చేసి పడుకుంటే పొద్దున్నకి నిండుతోంది."

దేచా చెయ్యి పెట్టని టర్బో బండి లోమ్ సక్ ఊళ్లో లేదు. అంతటివాడు చెబుతుంటే కాదనడానికి విచియన్ ఏపాటి? అయినా మునిగిపోయేవాడికి ఏది దొరికితే అదే ఆధారం కదా, అతని చూపు బల్ల మీదున్న క్యాన్ల మీద పడింది. తప్పు ఇంజన్‌ది కాదని, ఈ పాత క్యాన్ చిన్నదైపోయిందని, టర్బో తన్నే నూనె ఆవిరిని పట్టలేకపోతోందని వాదన మొదలుపెట్టాడు. దేచా వినీ విననట్టు తల ఊపాడు.

బల్ల మీద రెండు రకాలున్నాయి. ఒకటి నెత్తిన ఫిల్టరు టోపీ పెట్టుకున్నది, ఆవిరిని బయటికి వదిలేస్తుంది. రెండోది మరచెంబంత పెద్దది, మూత బిగించి ఉంటుంది, లోపల అరలుంటాయి, మిగిలిన గాలిని గొట్టంలోంచి మళ్లీ టర్బో నోటికే పంపుతుంది. మొదటిదే పెట్టించుకోమని, చచ్చే ఇంజన్‌కి కాస్త ఊపిరి ఆడుతుందని దేచా సలహా. విచియన్ ఒప్పుకోలేదు. ఆ ఆవిరి క్యాబేజీలకి పట్టిందంటే మార్కెట్లో ఒక్కడూ ముట్టడు. లోడంతా వెనక్కి తెచ్చుకుని ఆవులకి పెట్టుకోవాలి.

"పెద్దదే పెట్టన్నా."

"నీ ఇష్టం. ఇది నిండిందంటే మాత్రం ఆ నీళ్లు టర్బో తాగేస్తుంది. అప్పుడు నన్ననొద్దు."

క్యాన్ బిగించి, పరీక్షకని బరువుకి ఇసుక మూటలేసుకుని ఇద్దరూ కొండ ఎక్కి దిగారు. విచియన్ దారంతా మొక్కని దేవుడు లేడు. షెడ్డుకొచ్చి బోల్టు విప్పితే చెంచాడు నల్లటి నూనె జారింది. ఎర్ర నీళ్లు లేవు. విచియన్‌కి కళ్లు చెమర్చాయి. దేచా బుర్ర గోక్కుంటూ, తన సర్వీసులో ఇలాంటి ఇంజన్ చూడలేదని ఒప్పుకున్నాడు.

విచియన్ ఇంటికెళ్లి బండి నీడన పెట్టాడు. గుమ్మంలో దిగాలుగా కూర్చున్న తల్లి ప్రానీకి బండి బాగుపడిందని చెప్పాడు. ఆవిడ చేతులు జోడించి కళ్లకద్దుకుంది. ఎన్నాళ్లకో ఆకలేసి, కాల్చిన చేపతో జిగురన్నం కడుపునిండా తిని కునుకు తీశాడు.

లేచి కొండకి బయల్దేరదామని తాళం తిప్పాడు. ఇంజన్ ఉక్కిరిబిక్కిరిగా దగ్గింది. వీధంతా తెల్లటి పొగ కమ్మింది. ఫట్‌మని ఒక్క చప్పుడు, అంతే, మళ్లీ ఉలకలేదు. బానెట్ ఎత్తి చూస్తే క్యాన్ పక్కన మట్టం చూపే గాజు గొట్టంలో మెడదాకా ఎరుపే.

దేచా వచ్చాడు. ఒంగి చూసి, క్యాన్ విప్పి ఖాళీ చేసి, మళ్లీ బిగించి చేతులు తుడుచుకున్నాడు.

"చిన్నది పెడితే చిన్నది నిండింది. పెద్దది పెడితే పెద్దది నిండింది. నా వల్ల కాదు తమ్ముడూ. ఇనుము కిందైనా పోతుంది, అమ్మెయ్."

పాత బళ్లు కొనే సోంపోప్ కబురందగానే వాలిపోయాడు. బానెట్ ఎత్తిపెట్టి, ఇంజన్ చుట్టూ తిరిగి, పెదవి విరిచి, ఓ అడ్డగోలు బేరం ఆడాడు. విచియన్ ఆ బేరానికే ఒప్పుకున్నాడు. తాళంచెవి అతని చేతిలో పెట్టి, చక్రం పక్కన చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సోంపోప్ తాళంచెవి జేబులో వేసుకుని బండి లాక్కెళ్లే లారీకి ఫోన్ చేశాడు.

ప్రానీ లోపల్నుంచి పెద్ద గ్లాసు నిండా ఎర్ర షర్బత్ తెచ్చింది. బండిలో కొలువున్న అమ్మవారు మే యా నాంగ్‌కి మనసులోనే ఏదో చెప్పుకుంది. తర్వాత బానెట్ కిందికి ఒంగి, అలవాటైన చేత్తో క్యాన్ మూత తిప్పి, చుక్క ఒలకకుండా షర్బత్ అందులో పోయసాగింది. దేచా చేతిలో పానా జారి కింద పడింది.

"అమ్మా, ఏం చేస్తున్నావు?" విచియన్ లేచి నిలబడ్డాడు.

"నైవేద్యం పోసి కాళ్లు పట్టుకుని అడుగుతున్నా రోజూ, నా కొడుకు బండి నిలబెట్టు తల్లీ అని. వెళ్లిపోయే పూట ఆవిణ్ణి దాహంతో పంపుతామా?" కళ్లు తుడుచుకుంటూ అంది ప్రానీ. "చిన్న చెంబు ఆవిడకి చాలడం లేదనే కదరా, ఇంత పెద్దది పెట్టించావు."