తొక్కలో మందు

నా ఆరేళ్ళ పరిశోధన ఫలితం ఆ రోజు తేలింది. వాపు పుట్టించే రక్షణ కణాలు గాజుపళ్ళెంలో ఎంత రెచ్చిపోయినా, ఆపిల్ తొక్క రసం పడగానే పిల్లుల్లా సద్దుమణిగాయి. గుజ్జు రసాన్ని మాత్రం ఖాతరు చెయ్యలేదు.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. మోకాళ్ళ వాపుతో ఏడాదిగా ఆయన కుర్చీకే అతుక్కుపోయారు.

"ఆరేళ్ళూ తొక్క కోసమా?" అన్నారు.

పక్కనే అమ్మ ఎప్పటిలాగే ఆపిల్ తొక్క తీస్తోంది.

"అమ్మా, ఇకనుంచి తొక్క పారెయ్యకు."

"పారేసిందెవరే? పండు మీ ఇద్దరికీ పెట్టి, పారెయ్యడానికి ప్రాణమొప్పక తొక్కలు నేనే తింటున్నాగా."

నాన్న అమ్మ మోకాళ్ళ వంక చూశారు. పొద్దున్నుంచి ఆవిడ మూడంతస్తులూ నాలుగుసార్లు ఎక్కి దిగింది.

"అంటే నలభై ఏళ్ళుగా మందంతా నువ్వు తిని, పనికిరానిది నాకు పెట్టావన్నమాట," అంటూ తొక్కల పళ్ళెం తనవైపు లాక్కున్నారు.

అమ్మ ముక్కల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఒక ముక్క నోట్లో వేసుకుని, నిదానంగా నమిలింది.

తర్వాత నావైపు తిరిగింది.

"ఇది ఇంత తియ్యగా ఉంటుందని మీలో ఒక్కరూ చెప్పలేదేమే?"