ప్రసన్నకుమార్ రాసిన అక్షరాలు

"గీ అక్షరాలు ఎవరు రాసిన్రు బిడ్డా?"

గోడకి తగిలించిన శాంపిల్ టీషర్టుకి ముక్కు ఆనించినంత పని చేసి అడిగాడు ముసలాయన. భుజాన గుడ్డసంచి, మెడలో గులాబి కండువా.

కండువా చూడగానే మృదుల కుర్చీలో నిటారుగా సర్దుకుంది.

రెండువేల పదకొండు. సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు. బస్సుల్లేవు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల పైన, మూడో అంతస్తులో ఒక గది, ఒక ప్రింటింగ్ మిషను, ఒక వెబ్‌సైటు. ఇదీ మృదుల సామ్రాజ్యం.

సైట్లోకి వెళ్తే టీషర్టు రంగు మీ ఇష్టం, దాని మీద మాట మీ ఇష్టం. అక్షరాలు మాత్రం ఏడు రకాల్లోంచి ఎంచుకోవాలి. జనం ఈ వారం ఏది ఎక్కువ నొక్కితే వచ్చే వారం అదే యాడ్. జనం చెప్పిందే జనానికి తిరిగి చెప్పడం. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివి ఆమె కనిపెట్టిన మార్కెటింగ్ ఇంతే.

వందలో ఎనభై మంది ఏడో రకమే నొక్కారు. దాంతో ఫేస్‌బుక్‌లో ఆమె యాడ్: 'మీ మాట, మా అక్షరం.'

ఆ 'మా' దగ్గరే చిన్న ఇబ్బంది.

ఆ అక్షరాలు ఎల్బీ నగర్ గోడల మీద తెలంగాణ నినాదాలవి. ఫోన్‌తో ఫోటోలు తీసి, ఒక్కో అక్షరం కత్తిరించి సైట్లో పెట్టింది. గోడ మూలన ఎవరిదో పేరుంటే అదీ కత్తిరించింది.

ఆంధ్రా పిల్ల మా ఉద్యమాన్ని అమ్ముకుంటోందని ఎవరో ఒకరు వస్తారని ఎప్పట్నుంచో భయం.

వచ్చేశాడు.

"మా డిజైనర్ రాసిండు," అంది, ఆ 'రాసిండు' సాధన దగ్గర అరువు తెచ్చుకుని. సాధన ప్యాకింగ్ చూస్తుంది, ఇంకా రాలేదు.

ముసలాయన నవ్వాడు. "మీది బెజవాడ దిక్కా?"

"ఎల్బీ నగర్."

"నాది గూడ గాడనే. నడుసుకుంట వచ్చిన. డిజైనర్ పేరేంది?"

బల్ల మీద కొరియర్ కవరుంది. దాని మీది పేరు చదివేసింది. "ప్రసన్నకుమార్."

"కంప్యూటరే రాసిందా, చేత్తోని రాసిండా?"

"చేత్తోనే అంకుల్. ఒకసారి రాసిస్తే మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది."

ఆయన టీషర్టు మీది 'ల' పట్టుకుని, దాని వంపు వెంట వేలు మెల్లగా తిప్పాడు.

సాక్ష్యం వెతుకుతున్నాడు, అనుకుంది మృదుల.

"వయసెంత ఉంటది?"

"ఇరవై ఐదు."

"పిల్లగాడే! ఎవరి దగ్గర నేర్సుకున్నడంట?"

"ఎవరి దగ్గరా లేదు. సొంతంగా."

"జర పిలుస్తవా? ఒక్కసారి చూసి పోత."

"ఊళ్లో లేడు. బెంగళూరు వెళ్లిపోయాడు. ఇంక రాడు."

లేని మనిషిని ఊరు దాటించడం ఎంత తేలికో!

"అయ్యో..." అంటూ ఆయన సంచిలో చెయ్యి పెట్టాడు.

ఫోటోలో, నోటీసో. మృదుల లేచి నిలబడింది. "చూడండి, మాకు లాయర్ ఉన్నాడు. ఏదున్నా ఆయనతో మాట్లాడుకోండి."

"లాయర్ ఎందుకు బిడ్డా?"

చెయ్యి బయటికి తీసేశాడు. గోడ పట్టుకుని తలుపు దాకా నడిచి, వెళ్లిపోయాడు.

మృదుల గడియ పెట్టి కూర్చుంది. గెలిచింది. బాటిల్ ఎత్తి నీళ్లు తాగింది.

పావుగంటకి తలుపు చప్పుడైంది. సాధన. చేతిలో ముసలాయన సంచి.

"ఏంటే, కేసు వేస్తాడా?"

"కేసేంది? మెట్లు కనబడ్తలేవంటే చెయ్యి పట్టుకొని రోడ్డు దాక దించొచ్చిన. మట్టయ్య తాత అక్కా, మా దిక్కు గోడలన్నీ ఆయన రాసినయే. మొకమంత సంబరం ఆయనకు!"

సంచి బల్ల మీద బోర్లించింది. రంగులంటిన ఆరు కుంచెలు.

"కండ్లు పోతున్నయ్, నా రాత నాతోనే పోతదని రంది పడ్డ, గోడలు చూసి ఎవడో పిల్లగాడు అచ్చం నా లెక్కనే నేర్సుకున్నడు, గివి వానికి పంపియ్యున్రి అన్నడు. మన దగ్గర ప్రసన్నకుమార్ ఎవరున్నరక్కా?"