ఇయ్యాలే చేరుత

"జీతం ఎంత కావాల్నని అడిగితే?" అంది సత్తవ్వ.

"మీరు ఎంతిస్తే గంతే అంట."

"నైట్ డ్యూటీలు ఏస్తమంటే?"

"ఏస్తెనే మంచిది అంట."

"గట్లనే చెప్పు. ఏదడిగినా కాదనకు బిడ్డా."

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఎదుట, సిమెంటు బల్ల మీద తల్లీకూతుళ్ల ఇంటర్వ్యూ ప్రాక్టీసు ఇది. సత్తవ్వ బడి ముఖం చూసిన మనిషి కాదు. అయినా పొద్దుటి నుంచి పెద్ద మేడంలా ప్రశ్న మీద ప్రశ్న వేస్తోంది.

స్తుతి నర్సింగు పాసై ఎన్నాళ్లో కాలేదు. ఇదే మొదటి ఇంటర్వ్యూ. మొదటి ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లలు కంటి నిండా నిద్రపోయి, తలంటుకుని, ముస్తాబై వస్తారు. స్తుతి కళ్లు వాచి ఉన్నాయి. మొహం టీ కొట్టు నల్లా దగ్గరే కడుక్కుంది. జుట్టు తల్లి దువ్వితే ఆ మాత్రం ఉంది.

నిన్న సాయంత్రం ఆస్పత్రి గేటుకు కాగితం అంటించారు. స్టాఫ్ నర్సులు వెంటనే కావలెను. అది చూసినప్పటి నుంచి ఆ పిల్లకు వేరే ధ్యాస లేదు. ఈ ఉద్యోగం రావాలి. ఇక్కడే రావాలి. ఇవాళే రావాలి.

అన్న వెస్లీ సర్టిఫికెట్లను, తెల్ల డ్రెస్సును ఒక సంచిలో పెట్టి హుజూరాబాద్ నుంచి మొదటి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు. సత్తవ్వ డ్రెస్సు తీసి ఒళ్లో పరుచుకుంది. పోయిన ఏడు పత్తి అమ్మిన రోజు, జమ్మికుంటలో గుడ్డ కొని బాపు యేసుదాసు కుట్టించింది అది. ఉద్యోగం వచ్చిన రోజే తొడుక్కోవాలని ఆయన షరతు. "తెల్లబట్టలేసుకొని నా బిడ్డ దవఖానల తిరుగుతుంటే ఒక్కపారి సూడాలె" అని చర్చిలో చెప్పాడు, కల్లు మానేయక ముందటి పాత స్నేహితులకు చెప్పాడు, చివరికి బస్సులో పక్క సీటు మనిషిని కూడా వదల్లేదు.

"ఇప్పుడే ఏసుకో బిడ్డా."

"అద్దవ్వా. నౌకరి వచ్చినంకనే."

సత్తవ్వ ప్రార్థన మొదలుపెడితే పాస్టరుగారే గడియారం చూసుకుంటారని సంఘంలో చెప్పుకుని నవ్వుతారు. ఇవాళ కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, లోపటికి పోనియ్యి" అని ఒక్క మాటతో ఆమేన్ అనేసింది.

మెట్ల దగ్గర సెక్యూరిటీ రంజిత్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మల్ల అచ్చినవా అక్కా? పంపద్దన్నరని మొన్నటి సంది చెప్తనే ఉన్న గద. నా నౌకరి పోతది."

"ఇంటర్వ్యూకు అచ్చిన తమ్మీ." ఫైలు చూపించింది.

రంజిత్ ఫైలు చూశాడు. ఆమె మొహం చూశాడు. చెయ్యి తీశాడు.

మేట్రన్ సరళాదేవి సర్టిఫికెట్లు తిరగేసింది. "కొత్త పిల్లలందరు ఓపీ అడుగుతరు. నువ్వు ఐసీయూ అంటున్నవ్. భయం కాదా?"

"కాదు మేడం."

"జీతం?"

"మీ ఇష్టం మేడం."

"నైట్లు?"

"ఏస్తెనే మంచిది మేడం."

మేట్రన్ కళ్లద్దాలు దించి చూసింది. ఇలాంటి పిల్ల ఈ మధ్య తగల్లేదు.

"సరే. పత్తికి మందు కొట్టే రోజులు. ఆ మందు పీల్చి పడిపోయినోళ్లు మస్తు అస్తున్నరు. గసోంటి పేషెంటు దగ్గర ఏమేం చూస్తవ్?"

నాడి, కంటిపాప, ఊపిరి, నోట్లో చేరే నురగ. అన్నీ వరసగా గుర్తున్నాయి. చెప్పబోయింది. కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి. అయిపోయింది, ఉన్న ఒక్క దారినీ ఏడ్చి పాడు చేసుకున్నాననుకుంది స్తుతి.

"గింత దానికే ఏడిస్తే ఐసీయూల ఎట్ల చేస్తవమ్మా?"

"ఏడ్వ మేడం. ఇగ ఏడ్వ. చెప్త."

చున్నీతో మొహం తుడుచుకుంది. ఒక్కటీ విడవకుండా చెప్పింది.

మేట్రన్ ఫైలు మూసింది. "మంచిది. ఒకటో తారీకు నుంచి రా."

"ఇయ్యాలే చేరుత మేడం."

"ఇయ్యాలనా? ఎందుకమ్మా అంత తొందర?"

"మీ కాళ్లు మొక్కుత మేడం. జీతం ఒకటో తారీకు నుంచే ఇయ్యుండ్రి. డ్యూటీ మాత్రం ఇయ్యాలే ఇయ్యుండ్రి."

సరళాదేవికి నవ్వొచ్చింది. మధ్యాహ్నం డ్యూటీ పిల్ల రాలేదన్న సంగతి కూడా గుర్తొచ్చింది.

"డ్రెస్సున్నదా?"

"ఉన్నది మేడం."

కుట్టించినప్పుడు సరిగ్గా సరిపోయిన డ్రెస్సు ఇప్పుడు భుజాల దగ్గర వదులైంది. స్తుతి వరండా కిటికీలోంచి కిందికి చూసింది. రోడ్డవతల బల్ల మీది సత్తవ్వ, పైన తెల్లగా కనబడగానే లేచి నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పేషెంటు తాలూకు మనుషులకు ప్రవేశం లేదని రాసి ఉన్న ఐసీయూ తలుపును ఈసారి రంజితే తీసి పట్టుకున్నాడు. "పోండ్రి సిస్టర్" అన్నాడు మెల్లగా.

స్తుతి తిన్నగా మూల మంచం దగ్గరికి నడిచి, గొట్టాల నడుమ కదలకుండా ఉన్న మొరటు చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, "బాపూ, తెల్లబట్టలేసుకొని అచ్చిన, జర కండ్లు తెరిచి సూడు" అంది.