బొండాం వద్దన్న మనిషి

నూకరత్నం బొండాం చెక్కి, స్ట్రా వేసి అందించేలోపే ఆ మనిషి అడ్డం వచ్చాడు.

“ఆగమ్మా. నీకు డయాలసిస్సా?” అని అడిగాడు, కొనడానికొచ్చిన ఆవిడను.

ఆవిడ తలూపింది.

“అయితే వొద్దు తల్లీ. కొబ్బరినీల్లు మనకి పడవు. గుండె ఆగిపోద్ది.”

ఆవిడ చాచిన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుని ఆసుపత్రి గేటులోకి వెళ్లిపోయింది. చెక్కిన బొండాం నూకరత్నం చేతిలోనే ఉండిపోయింది.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

పలాసలో ఆ ఆసుపత్రి ఎదుట తోపుడుబండి పెట్టి ఆరేళ్లయింది. ఉద్దానం ఊళ్ల నుంచి కిడ్నీ జబ్బుతో వచ్చేవాళ్లూ, వాళ్ల వెంట వచ్చేవాళ్లూనే ఆమె గిరాకీ. ఇన్నాళ్లూ ఒక్కరూ వంక పెట్టలేదు. ఈ బక్క మనిషి ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో, పది రోజులుగా రోజు విడిచి రోజు దిగిపోతున్నాడు.

“ఎవులయ్యా నువ్వు? నా బండికాడ నీకేటి పని?”

“పనేటీ లేదమ్మా. రోగులకి ఒక మాట సెప్తన్నాను.”

“తిరుమలరావు పంపినాడు కదూ నిన్ను?”

పక్కనున్న కూల్ డ్రింకుల కొట్టు తిరుమలరావుది. వేసవి వచ్చిందంటే ఇద్దరికీ పడదు.

“ఆడెవుడో నాకు తెల్దు. ఆ నల్ల డ్రింకులూ వొద్దనే సెప్తన్నాను. రోగం లేనోలికి అమ్ముకో. నిన్నొద్దన్నానా?”

“మా తాతల కాడ్నుంచి తాగుతున్న నీల్లు. ఎవులు సచ్చినారు?”

అతను ఏదో అనబోయి ఆగాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని గేటులోకి నడిచాడు.

ఒక రోజు విడిచి మళ్లీ వచ్చాడు.

అప్పుడే మందస బస్సు దిగి, డయాలసిస్‌ చేయించుకునే జోగమ్మ వచ్చింది, కూతురు అనిత భుజం పట్టుకుని. ఎండకు ఆమె పెదాలు పగిలిపోయి ఉన్నాయి.

“దాహం సంపేత్తంది నూకరత్నం. రోజంతటికీ అర లీటరే తాగాలట. ఒక బొండాం కొట్టే.”

“వొద్దు తల్లీ,” అంటూ అతను బండి దగ్గరకొచ్చాడు.

నూకరత్నం ఇక ఆగలేదు. బొండాల మీద చల్లడానికి పెట్టుకున్న చెంబు అందుకుని, నిండు నీళ్లు అతని మొహాన కొట్టింది.

“నా కడుపు కొట్టడానికే పుట్నావేట్రా? ఇంకోపాలి కనబడ్డావంటే నీల్లు కాదు, కత్తే!”

దారినపోయే జనం ఆగి చూశారు. తిరుమలరావు కొట్టులోంచి పగలబడి నవ్వాడు.

అతని గడ్డం మీంచి నీళ్లు కారుతున్నాయి. పై పెదవి మీద నిలిచిన చుక్క కోసం నాలుక బయటకొచ్చింది. అంతలోనే తమాయించుకుని, తువ్వాలుతో పెదాలు గట్టిగా ఒత్తుకున్నాడు.

“కోపం నా మీద సూపించమ్మా. ఆయమ్మకి మాత్రం ఇవ్వకు.”

అంతే అన్నాడు. వెళ్లిపోయాడు.

ఆ కసితోనే నూకరత్నం అన్నిటికన్నా పెద్ద బొండాం ఏరి చెక్కింది. జోగమ్మ కళ్లు మూసుకుని ఆఖరి గుక్క దాకా తాగింది.

గంట తిరక్కముందే ఆసుపత్రి లోపల కేకలు, పరుగులు.

సాయంత్రానికి అనిత బయటకొచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది.

“మా అమ్మ గుండె ఆగినంత పనైంది. లోపలోలు మిషను మీద పెట్టి ఎలాగో నిలబెట్టినారు. కొబ్బరినీల్లల్లో పొటాషియం ఎక్కువట, ఎందుకు తాగించినావని నన్ను తిట్టినారు. ఆయన మంచికే సెప్పినాడు కదే. నువ్వూ... నానూ...”

ఆ మాట పూర్తి చెయ్యకుండానే లోపలికి వెళ్లిపోయింది.

నూకరత్నం చేతిలోని కత్తి బండి మీద పడేసింది. చెంబెత్తిన ఆ చేతిని నరికేసుకోవాలన్నంత కోపం వచ్చింది.

మర్నాటి నుంచి బొండాం చెక్కేముందు ఆమే అడగసాగింది.

“డయాలసిస్సా? అయితే నా దగ్గర లేదు. ఎల్లు, ఎల్లు.”

“యాపారం మూసెయ్యరాదేటి?” అన్నాడు తిరుమలరావు, నవ్వుతూ.

“నోర్మూసుకో! నీ సీసాల సంగతీ సెప్పేత్తాను ఆలకి.”

గేటు వైపే చూస్తూ కూర్చుంది. కనబడితే కాళ్ల మీద పడాలనుకుంది. అతను రావాల్సిన రోజు రాలేదు. ఆ తర్వాత రావాల్సిన రోజూ రాలేదు. నీళ్లు కొట్టి తరిమితే ఎవడొస్తాడని తనను తానే తిట్టుకుంది.

ఆరో రోజు పొద్దున్న, కాయలు తెచ్చే అసిరయ్య లగేజీ ఆటో ఖాళీగా వచ్చి ఆగింది.

“కాయలేవి మావా?”

“తోటలో కోత ఆపేసినారే. తోట గలాయన, మన బుగత, మొన్న కాలం సేసినాడు.”

“ఏ బుగత?”

“ఆరేల్లుగా నీ బండినిండా ఎవుల కాయలనుకున్నావు? జగదీశ్వరరావు గారివి. తిత్లీ తుపానుకి పడిపోకుండా మిగిలిన తోట. నానే తెచ్చేవోన్ని కదా, నువ్వాయన్ని సూసుండవు.”

“ఏటైనాది?”

“కిడ్నీలే. పెల్లానికీ అదే జబ్బు. నిరుడు ఆవిడ దాహమంటే, సెట్టు మీంచి కాయ దింపించి సేతులారా తాగించినాడు. ఆ రోజే పోనాది. అప్పట్నుంచి మనిషి మనిషి కాదు. తోట కొట్టించేద్దామనుకున్నా కూలోల్ల బతుకులున్నాయని ఆగినాడు.”

అసిరయ్య ఫోను తీసి, ఊరివాళ్లు పంపిన శ్రద్ధాంజలి ఫోటో ఆమె ముందు పెట్టాడు.

కొబ్బరిగెల మీద చెయ్యి వేసి, తన తోటలో తను నిలబడి నవ్వుతున్నాడు, ఆమె నీళ్లు కొట్టి తరిమిన మనిషి.