తెల్లదారం కుండ

"ఎవరికన్న ఏమన్న అయితే నా మెడకే చుట్టుకుంటది బిడ్డా!" అంది ఆదెమ్మ, ఇంకా పొయ్యి కూడా వెలిగించకముందే.

"ఏం కాదమ్మా. నెల రోజులు పొద్దున్నే తలా గ్లాసు పోస్తే చాలు" అంది కూతురు ఉదయశ్రీ.

హైదరాబాద్ ల్యాబులో డాక్టరేటు చేస్తోంది ఆ పిల్ల. కీళ్లు నొప్పి పుడితే ఒంట్లో హార్మోన్ల లాంటి కొవ్వులేవో పెరుగుతాయట. నెత్తుటిచుక్కలోంచి వాటిని విడదీసి తూచే మిషన్ అక్కడుంది. ఊళ్లో నాటువైద్యం చేసే ముత్తక్క టేకులపల్లి అడవిలో తవ్వే వేరు వాటిని తగ్గిస్తుందని తేలితే, మూడేళ్ల కష్టం గట్టెక్కినట్టే.

మోకాళ్ల నొప్పులవాళ్లు నలభై మంది. ఎర్రదారం కట్టిన కుండలో వేరు కషాయం, ఇరవై మందికి. తెల్లదారం కుండలో రంగు కోసం టీపొడి కలిపిన నీళ్లు, పోల్చి చూడ్డానికి మిగతా వాళ్లకు. ఏది ఏదో ఊళ్లో ఆదెమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

ఉదయశ్రీ అందరి నెత్తురూ తీసుకుని బస్సెక్కింది. ఆదెమ్మకు బెంగ మొదలైంది. సూది గుచ్చినచోట చీము పడితే? నెత్తురు సీసాల చుట్టూ పెట్టిన ఐసు కరిగిపోతే? బస్సు బోల్తా కొడితే?

తెల్లదారం కుండలోంచి పోసిన గ్లాసు నోట పెట్టి బొజ్జయ్య మొహం ముడిచాడు. "థూ! ఏంది వదినా ఇంత చేదు? నన్ను సంపుతవా?"

"జల్దీ మింగు. నువ్వు సస్తే నీ పెండ్లాం నన్ను బతకనిస్తదా?"

నెలకు సరిపడా తెచ్చిన వేర్లు పదిహేను రోజులకే నిండుకున్నాయి. ముత్తక్క ఇంకో గంప దింపుతూ సణిగింది. "ఇరవై మందికి గింత వేరా? నమిలి తింటున్రా ఏంది?"

నెల తిరిగాక ఉదయశ్రీ మళ్లీ నెత్తురు పట్టుకెళ్లి, కాగితాలతో తిరిగొచ్చింది. మొహం మాడిపోయి ఉంది.

"రెండు కుండలోళ్లకూ ఆ కొవ్వులు సగానికి తగ్గినయ్. నీ వేరూ, టీ నీళ్లూ ఒక్కటేనట పెద్దమ్మా" అంది ముత్తక్కతో.

ముత్తక్క అరుగు మీద కూలబడింది. "ముప్పై ఏండ్ల సంది ఊరికి నేను పోసింది వట్టి నీళ్లేనా?"

ఉదయశ్రీ తల్లి వైపు తిరిగింది. "అమ్మా, కుండలేమన్న మారినయా?"

ఆదెమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. ఊదింది. బూడిద సర్దింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. కూతురు కదల్లేదు.

"మారలే బిడ్డా," అంది చివరికి, "నొప్పులోళ్లకు వట్టి నీళ్లు పొయ్య పానం ఒప్పక, రెండు కుండలల్ల ఆ వేరునే మరగేసిన."