చేతి కొలత

కాస్త ఆగండి. చేతిలో పని పక్కన పెట్టి ఇది వినండి, రెండు నిమిషాలు చాలు.

ఓగ్నెన్ జేబులో బుల్లి త్రాసు వేసుకుని మూడు దేశాలు తిరిగొచ్చాడు.

తిండి కొట్టు కనిపిస్తే చాలు, కొనడం, తూచడం, వీడియో పెట్టడం! కొలతకు పది మార్కులు, మర్యాదకు పది.

వియన్నాలో మూడుసార్లు నవ్వి నూట పది గ్రాములు చేతిలో పెట్టారు. థెస్సలొనీకిలో 'తమ్ముడూ, తమ్ముడూ' అంటూ రొట్టె చిరిగేదాకా మాంసం కూరారు. బుడాపెస్టులో అసలు మనిషే లేడు, అద్దం మీద అంకె నొక్కితే పొట్లం జారిపడింది.

ఇక మిగిలింది సొంత ఊరు, నీష్.

బస్టాండు పక్కన తిహొమిర్ కొట్టులో జివ్కా పిన్ని కీమా ముద్దల్ని అరచేత్తో అద్ది బొగ్గుల మీద కాలుస్తోంది. మొహంలో నవ్వన్నదే లేదు.

"ఉల్లిపాయ వెయ్యనా?"

"ముందు పలకరించవా పిన్నీ? వియన్నాలో ఎంత బాగా పలకరిస్తారో!"

"వియన్నా బస్సు అదిగో, ఇంకా కదల్లేదు. ఉల్లిపాయ వెయ్యనా, వద్దా?"

వరసలో జనం గొల్లుమన్నారు.

ఓగ్నెన్ తనది తూచాడు. నూట యాభై.

వెనకాలున్న చిరుగుల కోటు ముసలాయన్ని, పొట్లం తూస్తానని అడిగాడు.

"తూచుకో అబ్బాయ్. దొంగసొత్తేం కాదు, నా డబ్బుతో కొన్నదే."

రెండు వందల ఇరవై!

కళ్లు పీక్కుపోయిన చదువుకునే పిల్లది నూట తొంభై. బొజ్జ డ్రైవరుది నూట యాభై.

"ఒకే ధరకి తలో కొలతా? ఎలా పిన్నీ?" కెమెరా ఆమె మీదకి తిప్పాడు.

"నా చెయ్యి, నా ఇష్టం. జరుగు నాయనా, పొగ కళ్లల్లో పడుద్ది."

మర్యాదకు సున్నా!

'మన ఊళ్లో మొహం చూసి కొలత' అని పేరుపెట్టి వదిలాడు. సాయంత్రానికల్లా నలభై వేల మంది చూశారు.

కానీ వాడి బుర్రలో పురుగు తొలుస్తూనే ఉంది. ఆమె దేన్నిబట్టి ఎంచుతోంది? చెప్పులా? కళ్లా? నడకా?

ఉండబట్టలేక నాలుగో రోజు మళ్లీ వెళ్లాడు.

పొయ్యి దగ్గర కొత్తమ్మాయి. "రండి రండి!" అంటూ ఒకటే నవ్వు. పక్కన మెరిసే త్రాసు. అందరికీ నూట యాభై.

"నీ పుణ్యమా అని దొంగ దొరికిందిరా!" తిహొమిర్ వాడి భుజం చరిచాడు. "పదకొండేళ్లుగా నా కీమా ఊరికి పంచిపెట్టిందట. ఆ రోజే పొమ్మన్నా."

"ఏమీ అనలేదా బాబాయ్?"

"ఏప్రన్ మడతపెట్టి వెళ్లిపోయింది. ఇల్లు కూడా ఖాళీ చేసిందట."

"ఎంత కీమా పోయింది?"

తిహొమిర్ తల గోక్కున్నాడు. "అదేరా చిత్రం. ఆమె ఉన్నన్నాళ్లూ ఏ రోజూ తరుగు రాలేదు."

కొత్తమ్మాయి వెనక్కి తిరిగింది. "బాబాయ్, పనివాళ్ల భోజనానికి రోజూ కీమా ఇస్తానన్నావుగా. నాదెక్కడ?"

"ఇదిగో, మూడు వందల గ్రాములు. పొద్దున్నే విడిగా తీసి పెడతా. జివ్కాకీ రోజూ..."

చేతిలోని కీమా పొట్లం కేసి చూశాడు.

"ఆమె కీమా తినగా నేనెప్పుడూ చూళ్లేదురా," అన్నాడు మెల్లగా. "రొట్టె, ఉల్లిపాయ. అంతే."

ఓగ్నెన్ ఫోన్ తీశాడు. వీడియో చెరిపేస్తే ఆమె దొంగగానే మిగిలిపోతుంది. నిజం చెబితే, అందులో మొహాలు కనిపిస్తున్న ముసలాయన, చదువుకునే పిల్ల ఇన్నాళ్లూ డబ్బిచ్చి కొన్నామనుకుని తిన్నది జివ్కా నోటి దగ్గర ముద్ద అని ఊరంతటికీ తెలిసిపోతుంది. మీరైతే ఏం చేస్తారు?